ఓసీ రాని కొత్త ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వొచ్చా? విజయనగరంలో మొదటి ఇల్లు కొంటున్నవారికి నా జవాబు

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తున్నారు, మీ ఆవిడ విజయనగరంలో టీచరు. ఊళ్లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు చూశారు. 550 గజాల స్థలంలో స్టిల్టు (కింద పార్కింగు వదిలే అంతస్తు) మీద నాలుగు అంతస్తులకు ప్లాను ఉంది, అంతస్తుకు మూడు చొప్పున 12 ఫ్లాట్లు. ఆ పైన బిల్డరు ఐదో అంతస్తు కూడా వేసి అందులో ఇంకో రెండు ఫ్లాట్లు కట్టాడు. మీది 1150 అడుగులు, 38 లక్షలు. ఓసీ ‘వచ్చేస్తుంది’ అంటున్నారు. ఈ వారంలో 5 లక్షలు కడితేనే ఈ రేటు అన్నారు. మీ నాన్నగారు మాత్రం ఫ్లాటు వద్దు, స్థలం కొని కట్టుకోమంటున్నారు. డబ్బు కట్టాలా వద్దా అని మీ ప్రశ్న.

ఆ 5 లక్షలు ఇప్పుడు కట్టకండి. ఫ్లాటు బాగోలేదని కాదు, దాన్ని నేను చూడలేదు కూడా. కానీ మీరు రాసిన వివరాల్లో ఒకటి నన్ను బాగా ఇబ్బంది పెడుతోంది, అది ఆ ఐదో అంతస్తు. నేను సివిల్ ఇంజినీరుని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాంకుల తరఫున ఇళ్లకు వాల్యుయేషన్ చేస్తుంటాను. ఇల్లు కొనేవాడి మాట చెల్లేది డబ్బు చేతిలో ఉన్నంతవరకే. రిజిస్ట్రేషన్ అయిపోయాక అదే బిల్డరు ఫోను ఎత్తడానికి వారం పడుతుంది. అందుకే చూడవలసినవన్నీ, అడగవలసినవన్నీ ముందే అయిపోవాలి.

ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారు, జనం ఉండొచ్చు అని మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే కాగితం. మన దగ్గర చాలామంది దీన్ని లాంఛనం అనుకుంటారు, ‘ప్లాను అప్రూవల్ ఉంది కదండీ’ అని సరిపెట్టుకుంటారు. ప్లాను అప్రూవల్ అనేది కట్టడానికి అనుమతి మాత్రమే. అనుమతి ఇచ్చినట్టే కట్టారా లేదా అన్నది ఓసీతో తేలుతుంది. గోడ పక్కన వదలాల్సిన ఖాళీలో కొద్దిగా తేడా వస్తే అపరాధ రుసుము కట్టించుకుని ఇచ్చే వీలుంటుంది. ఒక అంతస్తు మొత్తం అదనంగా వేస్తే అది చిన్న తేడా కాదు. పైన కట్టింది బిల్డరే అయినా ఓసీ ఆగేది భవనం మొత్తానికి. మూడో అంతస్తులో ఏ తప్పూ చేయని మీకూ ఆగుతుంది. ప్రభుత్వాలు అప్పుడప్పుడూ బీపీఎస్ అనే పథకం పెట్టి అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేస్తుంటాయి, అందులో చేయించేస్తానని బిల్డరు చెప్పొచ్చు. అయితే అది అయ్యాకే డబ్బు ఇస్తానని చెప్పండి.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో ఈ విషయం మీద గట్టి ఆదేశాలు ఇచ్చింది. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఓసీ చూశాకే ఇవ్వాలి, బ్యాంకులు కూడా ఓసీ లేదా కంప్లీషన్ సర్టిఫికెట్ సరిచూసుకున్నాకే ఆ భవనం మీద అప్పు ఇవ్వాలి అన్నది అందులో ఉంది. కాబట్టి ఆ ఫ్లాటులో ఇప్పుడు లైట్లు వెలుగుతున్నాయంటే ఏ కనెక్షన్ మీద వెలుగుతున్నాయో అడగండి. కట్టుబడి కోసం తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదే కొన్ని భవనాలు చాలాకాలం నడుస్తాయి. మీ ఫ్లాటుకు ఈపీడీసీఎల్ సర్వీసు నంబరు విడిగా వచ్చిందా, ఎన్ని కిలోవాట్ల లోడు తీసుకున్నారు అన్నది కింద మీటర్ల బోర్డు దగ్గరే తెలిసిపోతుంది.

ఐదో అంతస్తుతో ఇంకో నష్టం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఫ్లాటు కొన్నప్పుడు మీకు స్థలంలో అవిభాజ్య వాటా వస్తుంది, అందరూ యూడీఎస్ అంటారు. 550 గజాలను 12 ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి దాదాపు 46 గజాలు. అదే 14 ఫ్లాట్లకు పంచితే 39 గజాలు. ఇంకో ముప్పై ఏళ్లకు భవనం పాతబడి పడగొట్టాల్సి వస్తే మీకు మిగిలే ఆస్తి ఆ గజాలే. ఇప్పటికే అమ్మిన ఫ్లాట్ల దస్తావేజుల్లో ఎంతెంత రాశారో ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో కనిపిస్తుంది. అన్నీ కూడి చూడండి. మొత్తం 550 దాటితే లేని భూమిని అమ్ముతున్నట్టు.

ఇక ఈసీ. మీసేవలో గానీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గానీ కనీసం 30 ఏళ్లకు తీయండి. సర్వే నంబరు మీద ఒకటి, భవనం డోర్ నంబరు, ఫ్లాటు నంబరు మీద ఇంకొకటి. అపార్ట్‌మెంటు ప్లాను మంజూరు చేసేటప్పుడు నిర్మాణంలో కొంత భాగాన్ని, సాధారణంగా పదో వంతును, మున్సిపాలిటీ పేరిట తనఖా పెట్టించుకుంటారు. ప్లానుకు విరుద్ధంగా కట్టకుండా అది హామీ. ఓసీ వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. ఆ భాగంలోకి వచ్చే ఫ్లాటుకు అప్పటిదాకా రిజిస్ట్రేషన్ జరగదు. ఒక కుటుంబం దాదాపు డబ్బంతా కట్టేశాక, రిజిస్ట్రేషన్‌కు వెళ్లిన రోజున తమది తనఖాలో ఉన్న ఫ్లాటు అని తెలుసుకోవడం నేను చూశాను. అద్దె ఇల్లు ఖాళీ చేసేసి, సామాను చుట్టాలింట్లో పెట్టుకుని నెలల తరబడి తిరిగారు. మీ ఫ్లాటు ఆ భాగంలో ఉందా అన్నది మొట్టమొదట చూడాల్సిన విషయం.

స్థలం బిల్డరు సొంతమా, లేక స్థలం ఒకరిది కట్టుబడి ఒకరిదా? మన ఊళ్లలో ఎక్కువగా రెండోదే. అప్పుడు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటాయి. ఎవరి వాటాకు ఏ ఫ్లాటు వచ్చిందో వేరే ఒప్పందంలో రాసుకుంటారు. స్థలం యజమాని వాటాలోని ఫ్లాటును బిల్డరు అమ్ముతుంటే బిల్డరు సంతకం చెల్లదు. స్థలం పిత్రార్జితం అయితే ఆడపడుచుల సంతకాలు ఉన్నాయా లేదా చూడండి. 2005 సవరణ తర్వాత కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఉంది. ‘మా చెల్లెళ్లకు కట్నాలు ఇచ్చి పంపేశాం’ అన్న మాట కోర్టులో నిలబడదు. లింకు దస్తావేజులన్నీ (స్థలం ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు) జిరాక్సులు తీసుకుని మీ సొంత లాయరుకు చూపించండి, బిల్డరు పంపే లాయరుకు కాదు. మీ లాయరుకిచ్చే ఫీజు ఈ మొత్తం ఖర్చులో లెక్కలోకి రాదు.

సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా 22ఏలో ఉందేమో కూడా చూడాలి. విజయనగరం చుట్టుపక్కల దేవాలయాల భూములు, ట్రస్టు భూములు, ఇనాములు, డి-పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములు) ఎక్కువ. దీంతోపాటు రెవెన్యూ రికార్డులో ఆ నంబరు పక్కన ‘చెరువు’, ‘బంద’ (చిన్న చెరువు), ‘గెడ్డ’ (వాగు) అని ఎక్కడైనా ఉందేమో గ్రామ పటంలో చూడండి. చెరువుల ఊరిలో పాత బందలు పూడ్చిన చోట్ల ఇళ్లు లేచాయి. పత్రాలు శుభ్రంగా ఉన్నా నీళ్లు తమ దారి మరచిపోవు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు రెండు జిల్లాల్లోనూ కుండపోతగా కురిసింది. అప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడి టీ కొట్టాయనను, ఎదురింటివాళ్లను అడగండి. వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. మీది మూడో అంతస్తే కావొచ్చు, కానీ స్టిల్టులో మీ బండి, కరెంటు మీటర్లు, నీళ్ల సంపు, లిఫ్టు గొయ్యి ఉంటాయి.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద నమోదు గురించి మీ బిల్డరు ‘మాకు అవసరం లేదండీ’ అన్నాడని రాశారు. ఆ మాటను వెంటనే నమ్మకండి. నమోదు మినహాయింపుకు చట్టంలో స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు 8 అని రెండు పరిమితులు ఉన్నాయి. 500 చదరపు మీటర్లంటే 598 గజాలు, మీ స్థలం 550, కానీ ఫ్లాట్లు 8 దాటాయి. ఒక పరిమితి కింద ఉంటే చాలా, రెండూ ఉండాలా అన్నది ఏపీ రెరాలోనే అడిగి తేల్చుకోండి.  నమోదు లేకపోవడం బిల్డరుకు సౌకర్యం, మీకు లోటు. రెరాలో నమోదైన ప్రాజెక్టుకైతే అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్లు కట్టే డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, కట్టుబడి లోపాలకు స్వాధీనం నుంచి 5 ఏళ్లు బాధ్యత ఉంటుంది. నమోదు లేకపోతే మీరు ఆ రక్షణలన్నింటినీ అగ్రిమెంటులో మాటల్లో రాయించుకోవాలి. మీ 38 లక్షల్లో 10 శాతం 3 లక్షల 80 వేలు. ఆయన అడుగుతున్నది తెల్లకాగితం రసీదు మీద 5 లక్షలు. తేడా వస్తే వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల లోపు చెల్లింపులకు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ నిలబడాలన్నా చేతిలో సరైన అగ్రిమెంటు, బ్యాంకు ద్వారా కట్టిన రుజువు ఉండాలి.

డబ్బు లెక్కకు వస్తే, 1150 అడుగులంటే సూపర్ బిల్టప్, అంటే గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోట్ల వాటా కూడా కలిపిన లెక్క. టేపు పట్టుకుని గదులు కొలవండి. కార్పెట్ ఏరియా, అంటే గదుల లోపలి కొలత, 800 అడుగుల దగ్గర తేలితే మీరు కడుతున్నది అడుగుకు 3300 కాదు, 4750. పక్క అపార్ట్‌మెంటుతో పోల్చాలంటే ఈ లెక్కతోనే పోల్చాలి.

జీఎస్టీ: మొత్తం డబ్బు ఓసీ వచ్చాక చెల్లిస్తే అసలు ఉండదు. ఓసీకి ముందు కొంత కట్టినా పన్ను పడుతుంది. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 968 అడుగులు ఉంటే 1 శాతమే, 5 కాదు. మీది ఆ కోవలోకే వస్తుంది. ఎవరైనా 5 శాతం అని బిల్లు వేస్తే అడగండి.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, మీకు 2 లక్షల 85 వేలు. బ్యాంకు లెక్కలో ఇది కలవదు. 30 లక్షల వరకు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, ఆ పైన 75 లక్షల వరకు 80 శాతం దాకా ఇవ్వొచ్చన్నది రిజర్వు బ్యాంకు పరిమితి. మీకు సుమారు 30 లక్షలు వస్తుంది. అంటే 8 లక్షలు, రిజిస్ట్రేషన్ దాదాపు 3 లక్షలు, ఆ పైన కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం. 11 లక్షలు సొంతంగా లేకుండా దిగితే క్రెడిట్ కార్డులు, చేబదుళ్లు మొదలవుతాయి. అక్కడే కొత్త ఇంటి సంతోషం పోతుంది.

ఇక్కడ ఒక ప్రలోభం వస్తుంది, ముందే చెబుతున్నాను. పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. మీ ఫ్లాటు 38 లక్షలు. ‘కాగితం మీద 34 రాద్దాం, మిగతాది క్యాషుగా ఇవ్వండి’ అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఆస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించిన అడ్వాన్సును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. రేపు ఒప్పందం చెడితే మీరు అడగగలిగేది కాగితం మీద ఉన్నదే. అప్పు కూడా కాగితం మీది ధరకే వస్తుంది.

ఇంకో మాట, బ్యాంకు అప్పు మంజూరైంది కాబట్టి ఇల్లు బాగున్నట్టే అని చాలామంది నాతో అంటారు. నేను బ్యాంకు కోసం వెళ్లినప్పుడు చూసేది ఆ ఆస్తిని అమ్మితే ఎంత వస్తుందన్నది. మీ బాత్‌రూం కారుతుందా లేదా నేను పరీక్షించను. అది మీరే చేయాలి, ఎలాగో చెబుతాను.

ఒక ఆదివారం పొద్దున్నే మేస్త్రీనో, తెలిసిన ఇంజినీరునో తీసుకుని వెళ్లండి. బాత్‌రూం నీళ్లు పోయే కన్నానికి పాత గుడ్డ ప్లాస్టిక్ కవరులో చుట్టి బిగించండి. గచ్చు మీద రెండంగుళాల నీళ్లు నిలిచేలా నింపి, గోడ మీద పెన్సిలుతో మట్టం గీత గీసి, 24 గంటలు వదిలేయండి. మర్నాడు రెండో అంతస్తు ఫ్లాటులో అదే చోట పైకప్పు చూడండి. చెమ్మ మచ్చ గానీ, పైపు చుట్టూ తడి గానీ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయలేదన్నమాట. నీరు ఆవిరై కొద్దిగా తగ్గడం సహజం, వేలి వెడల్పంత దిగిపోతే కాదు. నాలుగో అంతస్తు బాత్‌రూములో కూడా ఇదే చేయనివ్వమని బిల్డరును అడగండి, ఎందుకంటే రేపు అది కారేది మీ నెత్తి మీదే. జనం చేరాక ఈ పరీక్షకు ఎవరూ ఒప్పుకోరు. గుడ్డ తీసేశాక నీళ్లన్నీ కన్నం వైపే పోతున్నాయా, మూలన నిలుస్తున్నాయా కూడా అప్పుడే చూసుకోండి.

తర్వాత ఒక రూపాయి బిళ్లతో టైల్సు అన్నిటినీ తట్టుకుంటూ పోండి. కింద సిమెంటు నిండుగా ఉంటే గట్టి శబ్దం, లేకపోతే డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల టైలు మీద రేపు ఫ్రిజ్ పెడితే పగులుతుంది. ఒకటీ అరా ఉంటే మార్పించుకోవచ్చు, హాలంతా అలాగే ఉంటే పని హడావిడిగా చేశారని అర్థం.

కిటికీల దగ్గర ఎక్కువసేపు గడపండి. మన తీరంలో తుపాను వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ విశాఖ, విజయనగరాల మీద, 2018 అక్టోబరు 11 తిత్లీ పలాస వైపు విరుచుకుపడినప్పుడు స్లాబు ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా రాత్రంతా గుడ్డలతో నీళ్లు పిండుకుంటూ కూర్చున్నారు. స్లైడింగ్ కిటికీ పట్టాలోంచి నీరు లోపలికి పొంగింది. మీ కిటికీ పట్టాలో బయటి వైపు నీరు పోయే చిన్న కన్నాలు ఉన్నాయా, కింద గ్రానైటు బయటికి వాలుగా ఉందా, ఫ్రేముకూ గోడకూ మధ్య సిలికాన్ తెగకుండా పూశారా చూడండి. బయటి నుంచి బకెట్టుతో నీళ్లు కొట్టించి లోపల నిలబడి చూస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. వీలైతే భారీ వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లండి. కొత్త రంగు చాలా దాస్తుంది, తడిసిన గోడను మాత్రం దాయలేదు.

పగుళ్లు చూసి కంగారు పడకండి, కానీ రకాలు తెలుసుకోండి. ప్లాస్టరింగు మీద వెంట్రుకలా సన్నగా వలలా ఉన్నవి సరిగా నీళ్లు కట్టకపోవడం వల్ల వస్తాయి. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువు గీత కనిపిస్తే అక్కడ మెష్ (ఇనప వల) వేయకుండా పూసేశారు, బాగుచేయించుకోవచ్చు. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకినవి, లేదా బీము, స్తంభంలోనే ఉన్నవి అయితే ఆగి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. మీ భవనంలో ఇది మరీ ముఖ్యం. నాలుగు అంతస్తులకే డిజైను చేసి ఉంటే ఆ పునాది మీద ఐదో అంతస్తు బరువు అదనంగా పడుతున్నట్టు. స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి, ఐదో అంతస్తు లెక్కలో ఉందో లేదో అందులో ఉంటుంది. డ్రాయింగు చూపించడానికి వెనకాడితే నేనైతే ఆ భవనం వదిలేస్తాను.

బోరు నీరు ఉప్పగా ఉందా, మున్సిపల్ కుళాయి వచ్చిందా, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, ఎన్ని ఫ్లాట్లకు సరిపడా కట్టారు అన్నవి వాచ్‌మన్ భార్యను అడిగితే బిల్డరు కంటే సూటిగా చెబుతుంది.

మీ నాన్నగారి మాట తీసిపారేయకండి. భూమి విలువ పెరుగుతుంది, ఫ్లాటు గోడలు పాతబడతాయి, ఆయన లెక్క తప్పు కాదు. కానీ కట్టుబడి దగ్గర రోజూ ఎవరో ఒకరు నిలబడాలి. మీరిద్దరూ ఉద్యోగాలకు పోతే ఆ పని ఆయన మీద పడుతుంది. ఆయనకు ఓపిక ఉండి, వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉన్న లేఅవుట్‌లో ఇల్లు కట్టుకోగల దూరంలో స్థలం దొరికితే అది మంచి దారే. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్ముతున్న పంచాయతీ లేఅవుట్ల జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ మీరు ఉండబోవడం లేదు, మీకు కావలసింది ఉండటానికి ఇల్లు. రోజూ పైడిభీమవరం, స్కూలు రెండూ చూసుకోవాలంటే ఊళ్లో, కాగితాలు సరిగా ఉన్న ఫ్లాటే మీకు నప్పుతుందని నా అభిప్రాయం. అది ఇదే ఫ్లాటు కానక్కర్లేదు.

ఈ వారం చేయాల్సింది ఇది. బిల్డరుతో మర్యాదగా చెప్పండి: ‘50 వేలు బ్యాంకు ద్వారా టోకెన్‌గా ఇస్తాను. లాయరు అభిప్రాయం గానీ, అప్పు గానీ, ఓసీ గానీ కుదరకపోతే మొత్తం వెనక్కి ఇస్తానని రసీదులో రాయండి. అగ్రిమెంటు రిజిస్టరు చేయిద్దాం. ఓసీ వచ్చి, నేను రాసిచ్చిన లోపాలు సరిచేశాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం’. ఒప్పుకుంటే ఈసీ, ప్లాను కాపీ, స్ట్రక్చరల్ డ్రాయింగులు తీసుకోండి. రేటు పెరుగుతుందన్న బెదిరింపుకు టెన్షన్ పడకండి. ఓసీ లేని ఫ్లాటుకు అప్పు దొరకడం కష్టమైన రోజుల్లో మీలా బ్యాంకు అప్పుతో వచ్చే కొనుగోలుదారుణ్ణి ఆయన తేలిగ్గా వదులుకోలేడు. ఈసీలో మీ ఫ్లాటు నంబరు తనఖాలో ఉందో లేదో చూశాక ఇక్కడ రాయండి, ప్లాను కాపీ కూడా దొరికితే ఐదో అంతస్తు సంగతి దాన్నిబట్టి చెబుతాను.